మీరు మీరేనని చెప్పేదెవరు?

బస్సెక్కిన ఆడవాళ్లు ఇప్పుడు చిల్లర కోసం కాదు, ఆధార్ కోసం సంచీలో చెయ్యి పెడుతున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో వాళ్లకు ప్రయాణం ఉచితం. డబ్బివ్వక్కర్లేదు కానీ ఈ రాష్ట్రం మనిషినేనని చూపించుకోవాలి. పథకం కొత్తలో తెలంగాణ ఆర్టీసీ గట్టిగానే చెప్పింది: ఒరిజినల్ కార్డే కావాలి, జిరాక్సు చెల్లదు, ఫోన్లో ఫొటో చెల్లదు. పాన్ కార్డు చూపించినవాళ్లకూ కుదరదంది. అందులో అడ్రసు ఉండదు మరి.

కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ప్లాస్టిక్ కవర్లోంచి కార్డు బయటికి లాగే పెద్దామెను చూస్తే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. కార్డు మీది ఫొటో పదీ పన్నెండేళ్ల కిందట, పంచాయతీ ఆఫీసులో గోడకు ఆనించి కూర్చోబెట్టి తీసింది. అందులో జుట్టు నల్లగా ఉంది, ముక్కుకు పుడక ఉంది. ఎదురుగా ఉన్నామెకు జుట్టంతా నెరిసింది, పుడకా లేదు. కండక్టర్ ఓసారి కార్డు వంక, ఓసారి ముఖం వంక చూసి మిషన్ నొక్కుతాడు. జీరో టికెట్టు బయటికొస్తుంది. ఆ రెండు మూడు క్షణాల్లో జరిగిందేమిటంటే, ఒక మనిషి ఇంకో మనిషి మాట నమ్మాడు. కార్డు అందుకు సాయపడింది, అంతే.

గుర్తింపు అంటే కార్డేనని అనుకునే రోజులివి. సిమ్ కొంటే ఆధార్, గ్యాస్ కనెక్షన్‌కు ఈకేవైసీ, ఆరోగ్యశ్రీలో చేరితే వేలిముద్ర, లాడ్జిలో దిగితే జిరాక్సు, రైల్లో టీటీఈ వస్తే ఏదో ఒక ఐడీ. ఇవన్నీ ఒకటే ప్రశ్నలా కనిపిస్తాయి కానీ కాదు. టీటీఈకి తెలియాల్సింది ఆ బెర్తు మీదా కాదా అన్నదే. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు మీరు ఏ ఫ్లాటుకు వెళ్తున్నారో తెలిస్తే చాలు. వయసు మాత్రమే కావలసిన చోటు ఉంటుంది, ఊరు మాత్రమే కావలసిన చోటు ఉంటుంది. ఇంత తేడా ఉన్నా అందరూ అడిగేది ఆ పన్నెండంకెల కార్డునే. అవసరానికి మించి అడగడం అలవాటుగా మారింది, అవసరానికి మించి ఇవ్వడమూ అలవాటైపోయింది.

పుట్టుమచ్చలు రెండు

ఆధార్ రాకముందు తెలుగువాళ్ల ఒంటి మీద ప్రభుత్వం వెతికిన మొదటి గుర్తు పుట్టుమచ్చ. పదో తరగతి నామినల్ రోల్స్ నింపే రోజు ఏ బడిలోనైనా ఒకటే సందడి. "రేపు పుట్టుమచ్చలు చూసుకుని రండి, రెండు కావాలి" అని క్లాస్ టీచర్ ముందురోజే చెప్తారు. సాయంత్రం ఇంట్లో అమ్మ మోచేతులు తిప్పి చూస్తుంది, చెవి వెనక జుట్టు పక్కకు జరిపి చూస్తుంది. ఒకటే దొరికినవాళ్లు చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ దెబ్బ తాలూకు మచ్చ రాయించుకుంటారు. ఆడపిల్లలు చేతి మీదివో మెడ మీదివో చెప్తారు, మిగతావి దాచేస్తారు. "ఎ మోల్ ఆన్ ది రైట్ హ్యాండ్" అన్న ఆ వాక్యం ఎస్సెస్సీ మెమోలోకి ఎక్కి, అక్కణ్నుంచి ఉద్యోగం దరఖాస్తుల్లోకి, రకరకాల సర్టిఫికెట్లలోకి జీవితాంతం వెంట నడుస్తుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి ఆ మచ్చను ఎవరైనా పోల్చి చూడటం మాత్రం చాలా అరుదు.

అదే మెమోలో ఉండే పుట్టినరోజు సంగతి ఇంకా విచిత్రం. నలభై యాభయ్యేళ్ల కిందట ఇంట్లో పుట్టిన పిల్లలకు తేదీ రాసిపెట్టుకున్న తల్లులు తక్కువ. కృష్ణా జిల్లాలో "ఉప్పెన వచ్చినప్పుడు వీడు కడుపులో ఉన్నాడు" అంటే 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన అని ఊరందరికీ అర్థమయ్యేది. బడికి మాత్రం అంకెలు కావాలి. జూన్‌లో బడి తెరిచేనాటికి అయిదేళ్లు నిండేలా హెడ్మాస్టరు ఒక తేదీ వేసేవారు. అందుకే ఆ తరంలో బోలెడంత మందికి రికార్డుల్లో పుట్టినరోజు వేసవి చివర్లోనే ఉంటుంది. రిటైర్మెంటూ ఆ తేదీ ప్రకారమే, పెన్షనూ ఆ తేదీ ప్రకారమే. ఇంట్లో తల్లికి తెలిసిన వయసు వేరు, సర్వీసు రిజిస్టర్లో వయసు వేరు. రెంటిలో చెల్లేది రెండోదే. జనన మరణాల నమోదు చట్టం 1969 నుంచి ఉన్నా, 2023లో తెచ్చిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చాకే, ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారమైంది.

కంకర కాంట్రాక్టు, అరచేయి ముద్ర

వేలిముద్ర కథ మొదలైంది బెంగాల్లో. 1858లో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డుకు కంకర తోలే కాంట్రాక్టు ఒకటి రాజ్యధర్ కొనాయ్ అనే ఆయనకు ఇచ్చాడు. రేపు ఆ సంతకం నాది కాదంటాడేమోనన్న అనుమానంతో కొనాయ్ అరచేతికి సిరా పూసి, కాగితం వెనక ముద్ర వేయించాడు. అప్పటికి హెర్షెల్‌కు శాస్త్రమేమీ తెలియదు, భయపెట్టడమే ఉద్దేశం. తర్వాత ఏళ్ల తరబడి తెలిసినవాళ్ల వేలిముద్రలు సేకరిస్తూ పోతే, వయసు పెరిగినా గీతలు మారవని తేలింది. 1877లో హుగ్లీ మేజిస్ట్రేట్‌గా ఉన్నప్పుడు ఆయన దాన్ని మూడు చోట్ల వాడాడు: దస్తావేజుల రిజిస్ట్రేషన్లో, జైల్లో, పెన్షన్లు ఇచ్చేచోట. చనిపోయిన వాళ్ల పేరు మీద వేరేవాళ్లు పెన్షన్ తీసుకోకుండా ఆపాలన్నది ఉద్దేశం. నూట యాభై ఏళ్ల తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో సచివాలయం సిబ్బంది పెన్షన్ పట్టుకుని ఇంటికొచ్చి వేలు పెట్టమనేదీ అందుకే.

ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. లక్షల ముద్రల్లోంచి ఒకదాన్ని నిమిషాల్లో వెతికిపట్టే వర్గీకరణకు ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టారు. దాని వెనక లెక్కలు కట్టి కష్టపడింది మాత్రం ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ఆ ఇద్దరి పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలి.

తెలుగు పల్లెల్లో మాత్రం వేలిముద్రకు పరువు లేదు. "వేలిముద్రగాడు" అంటే తిట్టు. అప్పు నోటు మీద ఏం రాసుందో తెలియక నిశాని వేసి భూములు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. అందుకే 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు పగలంతా కూలి చేసొచ్చిన ఆడవాళ్లు రాత్రి లాంతరు ముందు కూర్చుని మొట్టమొదట నేర్చుకున్నది తమ పేరు రాయడం. దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటం ఆ చదువులోంచే పుట్టింది. వేలిముద్ర మాని సంతకం చేసిన రోజున ఆ ఆడవాళ్లు పడ్డ గర్వం చిన్నది కాదు. వాళ్లే ఇప్పుడు అరవై దాటాక రేషన్ షాపులో మళ్లీ బొటనవేలు చాపుతున్నారు. కలెక్టరూ చాపుతున్నాడు కాబట్టి ఇందులో చిన్నతనం లేదు. కాకపోతే సంతకం వాళ్ల చేతిలో ఉండేది. గీతలు మిషన్‌కు నచ్చాలి.

"వేలు పడట్లేదు"

ఆ మాట రేషన్ షాపు దగ్గర రోజూ వినపడుతుంది. గర్భంలో మూడు నాలుగు నెలలప్పుడే ఏర్పడే ఆ గీతలు ఒకే పోలిక ఉన్న కవలల్లో కూడా ఒకలా ఉండవు. శాస్త్రం చెప్పేది నిజమే. కానీ గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే చేతికి, సిరిసిల్లలో బీడీలు చుట్టే చేతికి, ఇటుకలు మోసే చేతికి ఆ గీతలు అరిగిపోతాయి. వయసు పైబడితే చర్మం పలచబడి, ఎండిపోయి ముద్ర సరిగా రాదు.

డీలర్ ముందు తడిగుడ్డతో వేలు తుడుస్తాడు. పడదు. "బొటనవేలు వద్దులే పెద్దమ్మా, చూపుడువేలు పెట్టు" అంటాడు. ఎర్ర లైటు. కొబ్బరినూనె చుక్క రాసి, చీర కొంగుకు తుడిచి మళ్లీ పెడతారు. "గట్టిగా నొక్కు... అంత గట్టిగా కాదు." ఎడమచేతి ఉంగరపు వేలికి పచ్చ లైటు వెలిగితే వెనక లైన్లో ఉన్నవాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. వెలగకపోతే కనుపాప మిషన్ ఉందా అని చూడాలి, లేదంటే ఓటీపీ. ఓటీపీ వెళ్లే నంబరు కొడుకుది, ఆ కొడుకు హైదరాబాద్‌లో పనిలో ఉంటాడు. "రేపు రా పెద్దమ్మా, సర్వర్ బిజీగా ఉంది" అన్న మాటకు ఖరీదు ఒకరోజు కూలి.

ఈ రకం గుర్తింపులో తెలుగు నేల ముందే నడిచింది. ఆధార్ రాకముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కార్డుల కోసం కనుపాపలు ఫొటో తీశారు. ఉపాధి హామీ కూలికి, పెన్షన్లకు 2006లో స్మార్ట్‌కార్డుల పథకం మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా మధ్య ఆ పథకాన్ని పరిశీలించి 2016లో ఫలితం ప్రచురించారు. కూలి డబ్బు త్వరగా చేతికొచ్చింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది, అర్హులకు పథకం అందడమూ తగ్గలేదు. దీన్ని చూసి మిషన్ ఘనత అనుకుంటే పొరపాటు. డబ్బు పంచింది ఆ ఊళ్లోనే ఉండే ఆడవాళ్లు. కార్డు ఇంకా రానివాళ్లకు పాత పద్ధతిలో డబ్బు ఆగలేదు.

అదే ముగ్గురు ఆ తర్వాత ఝార్ఖండ్‌లో రేషన్ మీద చేసిన అధ్యయనంలో కథ తిరగబడింది. అక్కడ వేలు పడితేనే సరుకు అన్నారు. ముందుగా ఆధార్ జతచెయ్యని కార్డుదారులకు అందే సరుకు విలువ పదోవంతు తగ్గింది, దొంగతనం మాత్రం తగ్గలేదు. సాంకేతికత రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడంటే, మిషన్ ఒప్పుకోకపోయినా డబ్బు అందే దారిని ఒకచోట తెరిచి ఉంచారు, ఇంకోచోట మూసేశారు.

దొంగ వేలు

వేలిముద్ర ఎవరూ దొంగిలించలేరన్న నమ్మకం 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో చెదిరింది. సిమ్ కార్డులు అమ్మే ఒకతను, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా ఉన్న భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకున్నాడు. వాటిమీద అమ్మినవాళ్ల వేలిముద్ర ఉంది, ఆధార్ నంబరూ ఉంది. ఇంకేం కావాలి? రబ్బరు స్టాంపుల మిషన్‌తో ఆ ముద్రలు అచ్చు తీసి, టార్గెట్ చేరడానికి వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పోలీసులు పట్టుకునేసరికి అతని దగ్గర రబ్బరు వేళ్ల కుప్ప ఉంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు పోతే?

అందుకే కొన్ని జాగ్రత్తలు ఇప్పటికైనా అందరికీ తెలియాలి. మొదటి ఎనిమిది అంకెలు కనపడకుండా ఉండే మాస్క్‌డ్ ఆధార్, ఆ నంబరు ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, లాడ్జికి అది చాలు. నంబరు బదులు పదహారంకెల వర్చువల్ ఐడీ ఇవ్వొచ్చు. బయోమెట్రిక్ లాక్ చేసిపెట్టుకుని అవసరమైనప్పుడే తెరుచుకోవచ్చు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే 9వ సెక్షన్ చెప్తోంది.

మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా తెంభ్లీలో 2010 సెప్టెంబరు 29న మొదటి ఆధార్ ఇచ్చినప్పుడు దీనికి చట్టమే లేదు, అది 2016లో వచ్చింది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. మరుసటేడు సెప్టెంబరు 26న అయిదుగురి ధర్మాసనం నాలుగు ఒకటి తేడాతో ఆధార్‌ను నిలబెట్టింది. ప్రభుత్వ పథకాలకు, పాన్‌కు జతచెయ్యడం సరేనంది. బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు, బడిలో చేరికకు తప్పనిసరి చెయ్యొద్దంది. ఇంత స్పష్టంగా చెప్పినా ఆధార్ లేదని పిల్లవాణ్ని బడి గుమ్మంలోంచి తిప్పి పంపిన సంఘటనలు వింటూనే ఉన్నాం.

ఇంటిపేరు ముందా, వెనకా

తెలుగువాడి పేరు పడమటి దేశాల పేర్లకు తలకిందులు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. దరఖాస్తులో "లాస్ట్ నేమ్" అని ఉంటే చివరున్న పేరు రాసేస్తారు, అక్కడ మొదలవుతుంది తిప్పలు. పాన్ నంబరులో అయిదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం కావాలి. చాలామంది తెలుగువాళ్ల పాన్‌లో అక్కడ అసలు పేరు అక్షరం కూర్చుంది. ఎస్సెస్సీలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పట్టాదారు పాస్‌బుక్‌లో తండ్రి పేరుతో కలిపి. మనిషి ఒకరే అయినా కంప్యూటర్‌కు ముగ్గురు. పెళ్లయిన ఆడవాళ్లకు నాలుగోది కూడా.

పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడిపోయి రెండో గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో ఆ చోట "ఎఫ్ఎన్‌యూ" అని అచ్చేస్తారు. మొదటి పేరు తెలియదని అర్థం. అలా వెళ్లిన తెలుగు విద్యార్థి ఆ మూడక్షరాలనే తన పేరుగా బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో మోస్తూ తిరగాలి. నాన్నమ్మ పేరో, ఊరి దేవుడి పేరో పెట్టి పిలుచుకున్న పిల్లవాణ్ని పరాయి దేశంలో క్యూలో "ఎఫ్ఎన్‌యూ" అని పిలిస్తే ఆ తల్లిదండ్రులకు ఎలా ఉంటుంది? పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు అయిదు నిమిషాలు నిదానిస్తే తప్పే బాధ ఇది.

పేరొక్కటే కాదు, ఊరు కూడా గుర్తింపే. హైదరాబాద్ రాష్ట్రంలో నిజాం కాలం నాటి ముల్కీ నిబంధన సర్కారు ఉద్యోగానికి పదిహేనేళ్ల నివాసం అడిగేది. దాని మీద 1952లో విద్యార్థులు ప్రాణాలిచ్చారు, 1969లో తెలంగాణ రగిలింది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి "లోకల్" అన్నది చదివిన బడిని బట్టి తేలుతోంది. స్టడీ సర్టిఫికెట్ల కోసం మూతపడ్డ ప్రైవేటు బడి యజమానిని వెతుక్కుంటూ తిరిగే గ్రూప్స్ అభ్యర్థులకు ఆ చరిత్రంతా ఒక కాగితం ముక్కలోనే ఉంది. 

పేరు చెప్పుకోలేనివాళ్లు

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. టికెట్లు లేవు, కార్డులు లేవు, ముఖాలు లేవు. తల్లిదండ్రులు, పిల్లలు ఇచ్చిన రక్తంతో డీఎన్‌ఏ పోల్చి చూసేదాకా ఎవరు ఎవరో చెప్పలేకపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బస్సు కాలినప్పుడూ అంతే. మన దేశంలో ఆ విద్యకు పుట్టిల్లు హైదరాబాదే. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ కట్లపాముల మీద చేసిన పరిశోధనలోంచి దొరికిన డీఎన్‌ఏ ముక్కతోనే ఇక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో మనుషుల్ని గుర్తించే పద్ధతి తయారైంది. కానీ ఆ పరీక్షకూ ఇంకో మనిషి కావాలి. "మా అబ్బాయి ఆ బస్సులో ఉన్నాడు" అని వచ్చి చెయ్యి చాపే మనిషి రావాలి. 2023 జూన్‌లో బాలాసోర్ రైలు ప్రమాదంలో పోయినవారిలో 28 మంది కోసం ఎవరూ రాలేదు. నాలుగు నెలలు చూసి అక్టోబరులో భువనేశ్వర్‌లో దహనం చేశారు.

బతికున్నవాళ్ల గుర్తింపులోనూ అంతే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే పాత పద్ధతీ కొత్త పద్ధతీ పక్కపక్కనే కనిపిస్తాయి. అమ్మేవాళ్ల ఫొటో కెమెరాతో తీస్తారు, వేలిముద్ర మిషన్ మీద తీసుకుంటారు, ఆధార్ అడుగుతారు. అన్నీ అయ్యాక ఇద్దరు సాక్షులు ముందుకొచ్చి, ఈయన్ని మేం ఎరుగుదుం, ఫలానా ఆయనే అని సంతకం పెడతారు. రాసిచ్చేది ఎవరో అధికారి తేల్చుకోవాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పిన మాట అది. కోట్ల రూపాయల ఆస్తి చేతులు మారేచోట మిషన్ ఉన్నా, మనిషి మాట కూడా అడుగుతున్నారు.

అయిదారు కిలోల బియ్యం దగ్గర అదెందుకు పనికిరాదు? ఆధార్ లేదనో, వేలు పడలేదనో ఎవరికీ సరుకు ఆపొద్దని ఉడాయ్ 2017 అక్టోబరు 24నే రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. ఆ సర్క్యులర్ తెలుగులో అచ్చేసి ప్రతి రేషన్ షాపు గోడకూ అంటించాలి. షాపులో ఒక రిజిస్టరు ఉండాలి. వేలు పడని పెద్దమ్మ పేరు అందులో రాసి, ఆమెను ఎరిగిన ఇద్దరు పక్కింటివాళ్ల చేత సంతకం పెట్టించుకుని, బియ్యం అప్పటికప్పుడే తూచి ఇవ్వాలి. మిషన్ ఎందుకు ఒప్పుకోలేదన్నది డీలరూ, తహసీల్దారు ఆఫీసూ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.